డాక్టరు బెల్లు - వీధిబడి యిసుక

బళ్లారికి కొన్ని క్రోసుల దూరమున, హగరి యేటి ప్రాంతమున, మోక యను గ్రామము గలదు. అచ్చట తెలుగును కన్నడమును ఒక్క వీధిలోనే వినవచ్చును. 1953లో బళ్లారి మండలమును విభజించినపుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, మోక బళ్లారితోపాటు మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ తగవును తిరుగ త్రవ్వుట నేటి మా యుద్దేశము కాదు. ఆ సీమలోని వీధిబడులలో పిల్లలు వ్రేలితో అక్షరములు దిద్దిన యిసుకను గూర్చి మాత్రమే కొంత చెప్పదలచితిమి. ఏలయన అట్టి యిసుకయే ఒక మతాచార్యుని లోకప్రసిద్ధుని గావించినది.

1823వ సంవత్సరము ఆగష్టు నెలలో బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ దొర తన మండలమందలి విద్యాస్థితిని గూర్చి మద్రాసు రెవిన్యూ బోర్డునకు ఒక నివేదిక పంపెను. 1816లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిన క్యాంబెల్ ఈతడే. నాటి బళ్లారి మండలములో నేటి అనంతపురము సీమయు చేరియుండెను. ఆ మండలమున 533 బడులున్నవనియు, వానిలో 235 కన్నడమువి, 226 తెలుగువి యనియు, చదువుకొనువారు 6,641 మంది యనియు, అందు బాలికలు 60 మంది మాత్రమే యనియు ఆతడు లెక్క చెప్పెను. అయిదేండ్ల పిల్లవానిని బడిలో వేయుట, ఉదయమున అందఱికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుట, ఆలసించినవారికి వరుసగా దెబ్బలు పెంచుట, ఇసుకలో అక్షరాభ్యాసము, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠము చెప్పుట - అన్నిటిని ఆతడు వర్ణించెను. ఈ కడపటి పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండు దానిని అనుకరించుట ఉచితమే యనియు కూడ వ్రాసెను.

ఆ యనుకరణమునకు మూలపురుషుడు ఆండ్రూ బెల్లు. ఈతడు 1753లో స్కాట్లండు దేశమునందలి సెయింట్ ఆండ్రూసు పట్టణమున ఒక మంగలి యింట జన్మించెను. అమెరికాలోని వర్జీనియాలో కొంతకాలము ధనికుల పిల్లలకు చదువు చెప్పి, స్వదేశమునకు మరలి, ఇంగ్లండు మతశాఖలో ఆచార్యత్వమును స్వీకరించి, 1787లో మద్రాసు చేరెను. ధనార్జన యందు ఈతనికి గల నేర్పు తక్కువది కాదు. సైన్యములలో మతాచార్య పదవులు ఒకటి వెంట ఒకటి సంపాదించి వాని జీతములన్నియు అనుభవించెను. అయినను, 1789లో ఎగ్మూరునందలి సైనికుల యనాథ బాలుర పోషణశాలకు పర్యవేక్షకుడై, ఆ పనికి మాత్రము జీతము పుచ్చుకొనలేదు. తెల్ల సిపాయిలకు ఈ దేశపు స్త్రీలయందు కలిగిన పిల్లలే అచ్చట ఎక్కువ.

ఆ శాలలోని ఉపాధ్యాయులు జడులు. క్రొత్తదన్నచో వారికి గిట్టదు. ఒకనాటి ఉదయమున బెల్లు గుఱ్ఱముపై పోవుచు, ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచుండుట చూచెను. తన శాలలోను అట్లే చేయుడని చెప్పగా, ఉపాధ్యాయుడు అది సాధ్యము కాదనెను. అంతట బెల్లు ఎనిమిదేండ్ల సిపాయి కుమారుని, జాన్ ఫ్రిస్కెనను వానిని, అక్షరముల తరగతిపై నిలిపెను. పెద్దవాడు చేయలేనన్న పనిని ఆ పిల్లవాడు చేసి చూపెను. పిమ్మట తక్కిన తరగతులును పిల్లల చేతికే వచ్చెను.

ఆరోగ్యము చెడి 1796లో బెల్లు ఈ దేశము విడచెను. మరుసటి యేట తన ప్రయోగమును చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. కొలదికాలమునకు జోసెఫ్ లాంకాస్టరను మఱియొక బోధకుడు ఇట్టి విధానముననే లండనులో బడి నడపగా, ఇది ఎవరి సృష్టి యని అచ్చట పెద్ద వివాదము చెలరేగెను. మా వృత్తి కోర్టులలోనిది గావున ఒక మాట చెప్పక తప్పదు. ఆ వ్యాజ్యమున ముఖ్యమైన కక్షిదారు, అనగా మన వీధిబడి అయ్యవారు, చేర్పబడనే లేదు.

1811లో ఇంగ్లండు మతశాఖవారు నేషనల్ సొసైటీని స్థాపించి, బెల్లు విధానమును తమదిగా గైకొనిరి. లండనులోని బాల్డ్విన్ గార్డెన్సు కేంద్రపాఠశాలలో ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చి దేశమంతట పంపిరి. అచటినుండి ఆ పద్ధతి సముద్రములు దాటెను. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోనునందు, బానిస యోడలనుండి విడిపింపబడినవారి పిల్లలకు మిషనరీలు నడపిన బడులలోను అది ప్రవేశించెను. 1832లో బెల్లు మరణించునాటికి పండ్రెండువేల బడులు ఆ మార్గమున నడచుచున్నవని లెక్క. ఆతనిని వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేసిరి. విద్యకై ఆతడు విడచిన ధనము ఒక లక్ష ఇరువదివేల పౌనులు. దానితో పుట్టినయూర వెలసిన పాఠశాలకు మద్రాసు కాలేజి యనియే పేరు.

అంతమాత్రమున ఆతనిని దేవునిగా చేయనక్కఱ లేదు. ఇంట భార్యతో పొసగలేదు. బయట సహోద్యోగులతో పొసగలేదు. బీదల పిల్లలకందఱకు వ్రాతయు లెక్కలును నేర్పవలయునని మొదట ఆతడు తలపనేలేదు. మన బడులను గూర్చియు నిజము దాచరాదు. పిల్లలు పద్యములను అర్థమెఱుగక వల్లించుచున్నారని క్యాంబెల్ స్పష్టముగా వ్రాసెను. పిల్లవాడు పిల్లవానికి అప్పజెప్పు విధానమున ఈ దోషము ఇంగ్లండునను పోలేదు.

ఐనను క్యాంబెల్ వ్రాసిన మఱియొక మాట మమ్ము ఎక్కువ బాధించుచున్నది. జనుల దారిద్ర్యమువలన బడులు సన్నగిల్లుచున్నవని ఆతడు చెప్పెను. సీమబట్టలు వచ్చి మన సాలెవారి మగ్గములు పడుటయు దానికొక కారణమనెను. ఆ 533 బడులలో ఒక్కటియు సర్కారు సాయము పొందుట లేదని చెప్పుటకు తాను సిగ్గుపడుచున్నాననెను. 1826లో గవర్నరు మన్రో దొర ఉపాధ్యాయుల శిక్షణమునకు మద్రాసున ఒక శాలయు, తాలూకా బడి పంతులుకు నెలకు తొమ్మిది రూపాయల జీతమును ఏర్పఱుపబూనెను. మరుసటి యేట ఆయన పత్తికొండలో వాంతిభేదిచే మృతి నొందెను. 1836లో ఆ తాలూకా బడులను ఎత్తివేసిరి.

మద్రాసు బాలుడైన ఫ్రిస్కెను పేరు విద్యాచరిత్రములలో నేటికిని నిలిచియున్నది. బెల్లు గుఱ్ఱముపైనుండి చూచిన బడి యే వీధిలోనిదో, ఆ యయ్యవారు ఎవరో, ఆతనికి నెలకు ఎన్ని శేర్ల ధాన్యము ముట్టుచుండెనో వానిలో లేదు.