లార్డ్ అట్కిన్: నలుగురికి ఎదురు ఒక్కడు

లా చదివిన తెలుగు విద్యార్థులకు లార్డ్ అట్కిన్ పేరు కనీసం రెండుసార్లు ఎదురవుతుంది. టార్ట్స్ పాఠంలో సీసాలో నత్త కేసు దగ్గర ఒకసారి, సాక్ష్యాధార చట్టంలో పాకాల నారాయణస్వామి కేసు దగ్గర మరోసారి. ఈ రెండు తీర్పులూ ఆయనకు పేరు తెచ్చాయి. తోటి న్యాయమూర్తుల ఆగ్రహం తెచ్చిపెట్టింది మాత్రం మూడోది. 1941 నవంబర్‌లో, లండన్ ఇంకా యుద్ధం నీడలో ఉండగా, నలుగురు న్యాయమూర్తులకు ఎదురుగా ఆయన ఒక్కరే రాసిన భిన్నాభిప్రాయ తీర్పు అది. ఆ కేసులో ఆయన మాట నెగ్గలేదు. ఆ వాదన మాత్రం సిలోన్ మీదుగా మన ఎమర్జెన్సీ దాకా వచ్చింది.

జేమ్స్ రిచర్డ్ అట్కిన్ పుట్టింది ఇంగ్లండులో కాదు, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, 1867 నవంబర్ 28న. తండ్రి ఐర్లండ్ నుంచి వలస వెళ్లిన పత్రికా రచయిత, క్వీన్స్‌లాండ్ శాసనసభ సభ్యుడు. పిల్లవాడికి మూడేళ్ల వయసులో తల్లి కొడుకులను తీసుకుని వేల్స్‌లోని పుట్టింటికి వచ్చేసింది. మరుసటి ఏడాదే, 1872లో, అక్కడ తండ్రి చనిపోయాడు. అట్కిన్ వేల్స్‌లో అమ్మమ్మ ఇంట్లో పెరిగారు. తనను జీవితాంతం వేల్స్ మనిషిగానే చెప్పుకున్నారు. అబర్‌డోవీ అనే చిన్న తీరపట్టణాన్ని సొంత ఊరు చేసుకున్నారు. తర్వాత బిరుదులోనూ ఆ ఊరి పేరే పెట్టుకున్నారు.

ఆక్స్‌ఫర్డ్ చదువు అయ్యాక 1891లో బారిస్టర్ అయ్యారు. మొదటి కొన్నేళ్లు కేసులు రాలేదు. పలుకుబడి ఉన్న బంధువులు లేని యువ లాయర్‌కు ఏ ఊళ్లోనైనా తప్పని దశ అది. 1893లో లిజీ హెమ్మంట్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమెదీ బ్రిస్బేనే. ఎనిమిది మంది పిల్లలు. ఇద్దరు కుమారుల్లో ఒకరు మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించారు. మెల్లగా వాణిజ్య కేసుల్లో పట్టు చిక్కింది. 1913లో హైకోర్టు న్యాయమూర్తి, 1919లో అప్పీలు కోర్టు, 1928లో హౌస్ ఆఫ్ లార్డ్స్.

అప్పీలు కోర్టులో చేరిన ఏడాదే ఆయన ముందుకు వచ్చిన కేసుల్లో బాల్‌ఫోర్ దంపతులది ఒకటి. భర్త సిలోన్‌లో నీటిపారుదల శాఖ డైరెక్టర్. సెలవు మీద ఇంగ్లండు వచ్చి, తిరిగి వెళ్తూ, వైద్యుల సలహాతో ఆగిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానన్నాడు. కాపురం చెడింది. ఆమె దావా వేసింది. భార్యాభర్తలు ఇంట్లో చెప్పుకునే మాటలు కోర్టులో అమలు చేయగల ఒప్పందాలు కావని అట్కిన్ తేల్చారు. మన కాంట్రాక్టు చట్టం పాఠాల్లో ఇప్పటికీ ఉన్న తీర్పు ఇది. డబ్బు చేతిలో ఉన్న భర్తకు ఇది ఎంత సౌకర్యమో, లేని భార్యకు ఎంత నష్టమో ఆ తీర్పు చూడలేదు. విచిత్రం ఏమిటంటే, పరిశ్రమల్లో పనిచేసే మహిళల వేతనాలను పరిశీలించిన ప్రభుత్వ కమిటీకి అదే కాలంలో ఆయనే అధ్యక్షుడు. ఆయనను విప్లవకారుడిగా చూపడానికి ఈ ఘట్టం అడ్డు వస్తుంది. ఆయన విప్లవకారుడు కూడా కాదు.

నత్త కేసు అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1928 ఆగస్టులో స్కాట్లండ్‌లోని పైస్లీలో మే డోనహ్యూ అనే పేద మహిళకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందని ఆమె ఫిర్యాదు. కొన్నది ఆమె కాదు, తయారీదారుతో ఆమెకు ఒప్పందమేదీ లేదు. 1932 మే 26న హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు ఇద్దరు తేడాతో ఆమె దావా చెల్లుతుందని చెప్పింది. బైబిల్లోని పొరుగువాడి మాటను తీసుకుని, మన పని వల్ల ఎవరికి హాని జరగవచ్చో ముందే ఊహించగలమో వారంతా చట్టం దృష్టిలో పొరుగువారేనని అట్కిన్ సూత్రం కట్టారు. నత్త నిజంగా ఉందా అన్నది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఉందనుకుంటే దావా నిలుస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న.

హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులే ప్రీవీ కౌన్సిల్‌లో కూర్చుని వలస దేశాల అప్పీళ్లు వినేవారు. అలా 1939 జనవరిలో మన ప్రాంతపు హత్య కేసు ఒకటి అట్కిన్ చేతికి వచ్చింది. 1937 మార్చి 23న పూరీ స్టేషన్‌లో, మూడో తరగతి బోగీలో, ఎవరూ తీసుకోని ట్రంకు పెట్టెలో ముక్కలు చేసిన శవం దొరికింది. చనిపోయిన వ్యక్తి ఒకప్పుడు పిఠాపురం దివాను దగ్గర బంట్రోతు. దివాను కుమార్తె, అంటే నిందితుడు పాకాల నారాయణస్వామి భార్య, అతని దగ్గర 18 శాతం వడ్డీకి మూడు వేల రూపాయలు అప్పు తీసుకుంది. బాకీ తీసుకెళ్లమని బరంపురం నుంచి పిలుపు వచ్చిందని భార్యకు చెప్పి అతను ఇంటి నుంచి బయలుదేరాడు. మళ్లీ తిరిగి రాలేదు. బరంపురం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరి ఏడాదైనా కాలేదు. అందుకే ఈ కేసు పట్నా హైకోర్టు మీదుగా లండన్ చేరింది.

అట్కిన్ ముందు ప్రధానంగా రెండు ప్రశ్నలు. బయలుదేరే ముందు మృతుడు భార్యతో అన్న మాట మరణ వాంగ్మూలం కింద చెల్లుతుందా? ఇంగ్లండు చట్టం ప్రకారమైతే చెల్లదు. అక్కడ చావు తప్పదని తెలిసి చెప్పిన మాటే పనికొస్తుంది. భారత సాక్ష్యాధార చట్టంలో ఆ షరతు లేదు. మరణానికి దారితీసిన పరిస్థితుల గురించి మృతుడు చెప్పింది ఏదైనా చాలని అందులో ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివి, చెల్లుతుందన్నారు. రెండో ప్రశ్న, అరెస్టుకు ముందు నారాయణస్వామి పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం. మృతుడు తమ ఇంటికి వచ్చాడని, మరునాటి సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడని దాని సారాంశం. దర్యాప్తులో ఏ వ్యక్తి పోలీసులకు చెప్పిన మాటనైనా సాక్ష్యంగా వాడకూడదని సీఆర్‌పీసీ 162వ సెక్షన్ అంటుంది. ఏ వ్యక్తి అంటే సాక్షులే, నిందితుడు కాడన్న వాదనను అట్కిన్ తోసిపుచ్చారు. ఏ వ్యక్తి అంటే ఏ వ్యక్తి అయినా, తర్వాత నిందితుడిగా మారినవాడూ అందులో ఉన్నాడు. ఆ వాంగ్మూలం పక్కకు పోయింది. అయినా నారాయణస్వామికి ఊరట దొరకలేదు. మిగిలిన సాక్ష్యం సరిపోతుందని అప్పీలు కొట్టేశారు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షన్‌లోనూ అదే నిషేధం కొనసాగుతోంది. మరణ వాంగ్మూలం నిబంధన సాక్ష్య అధినియం 26వ సెక్షన్‌లోకి చేరింది. ట్రయల్ కోర్టుల్లో ఈ కేసు పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

రెండేళ్ల తర్వాత ఇలాంటి ప్రశ్నే మరింత ప్రమాదకరమైన రూపంలో వచ్చింది. యుద్ధకాలపు 18బి నిబంధన కింద హోం మంత్రి ఎవరినైనా విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. 1939లో మొదట రాసిన ముసాయిదాలో హోం మంత్రి సంతృప్తి చెందితే చాలని ఉంది. పార్లమెంటులో గొడవ జరిగింది. దాంతో మాట మార్చి, నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలని రాశారు. 1940 మేలో రాబర్ట్ లివర్సిడ్జ్ అనే వైమానిక దళ అధికారిని ఈ నిబంధన కిందే పట్టుకుని బ్రిక్స్‌టన్ జైల్లో పెట్టారు. యూదు మత గురువు కొడుకైన అతని అసలు పేరు జాక్ పెర్ల్‌జ్వైగ్. నిర్బంధానికి కారణాలు చెప్పమని అతను కోర్టుకెక్కాడు.

ఆదేశం మీద సంతకం పెట్టిన హోం మంత్రి సర్ జాన్ ఆండర్సన్ మనకు కొత్తవాడు కాదు. 1932 నుంచి 1937 దాకా బెంగాల్ గవర్నర్. విప్లవకారులను విచారణ లేకుండా నిర్బంధించే చట్టాలు విస్తృతంగా వాడిన పాలన అది. 1934లో డార్జిలింగ్ దగ్గర ఆయన మీద కాల్పులు జరిగాయి, తప్పించుకున్నారు. బెంగాల్‌లో అలవాటైన అధికారాన్ని ఇంగ్లండులోనూ వాడుతున్నప్పుడు కోర్టు అడ్డు చెబుతుందా అన్నదే ఇప్పుడు తేలాలి.

1941 నవంబర్ 3న తీర్పు వచ్చింది. తన దగ్గర సహేతుకమైన కారణం ఉందని హోం మంత్రి అనుకుంటే చాలు, కోర్టు అడగరాదని నలుగురు చెప్పారు. ఆ నలుగురిలో లార్డ్ మెక్‌మిలన్ నత్త కేసులో అట్కిన్ పక్షాన ఉన్నవారే. అట్కిన్ ఒప్పుకోలేదు. కారణం ఉండటం వేరు, ఉందనుకోవడం వేరన్నారు. చీలమండ విరిగిందని ఒకడు అనుకున్నంత మాత్రాన అది విరిగినట్టు కాదని ఉదాహరణ ఇచ్చారు. యుద్ధం వచ్చినా చట్టాల నోరు మూతపడదని, యుద్ధంలోనూ శాంతిలోనూ అవి ఒకే భాష మాట్లాడతాయని రాశారు. ప్రభుత్వం కంటే ప్రభుత్వ పక్షం ఎక్కువ వహిస్తున్నారని సాటి న్యాయమూర్తుల మీదే విరుచుకుపడ్డారు. తన ఇష్టం వచ్చిన అర్థమే మాటకు ఉంటుందనే హంప్టీ డంప్టీని పిల్లల కథలోంచి తెచ్చి తీర్పులో పెట్టారు.

అసలు మంట అక్కడే. తీర్పు వెలువడక ముందే లార్డ్ ఛాన్సలర్ సైమన్ ఉత్తరం రాసి, ఆ హంప్టీ డంప్టీ ప్రస్తావన తీసేయమని కోరారు. అట్కిన్ తీయలేదు. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన లార్డ్ మామ్, రచయిత సోమర్‌సెట్ మామ్ అన్న, తీర్పు తర్వాత టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసి బహిరంగంగా నిరసన చెప్పారు. తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి సహచరుడి మీద పత్రికకెక్కడం అప్పటికి కనీవినీ ఎరగనిది. అట్కిన్ బహిరంగంగా జవాబివ్వలేదు. సహచరులతో సంబంధాలు చల్లబడ్డాయి. 73 ఏళ్ల వయసులో, బాంబులు పడే నగరంలో, రోజూ ముఖాలు చూసుకోవలసిన మనుషులతో ఆ దూరం చిన్న విషయం కాదు. అయినా న్యాయమూర్తి పదవిలోనే కొనసాగారు. యుద్ధ నేరాల కమిషన్‌లో ఆస్ట్రేలియా ప్రతినిధిగానూ పనిచేశారు. 1944 జూన్ 25న అబర్‌డోవీలో కన్నుమూశారు.

ఆయన పోయిన ఆరేళ్లకు, 1950లో, సిలోన్ నుంచి నక్కుడా అలీ అనే బట్టల వ్యాపారి కేసు ప్రీవీ కౌన్సిల్ చేరింది. లైసెన్సు రద్దు చేయడానికి సహేతుకమైన కారణం అధికారి మనసులో ఉంటే చాలదు, నిజంగా ఉండాలని కౌన్సిల్ చెప్పింది. లివర్సిడ్జ్ తీర్పును యుద్ధకాలపు ప్రత్యేక సందర్భానికే పరిమితం చేసింది. ఆ కేసులో అలీ గెలవలేదు, సూత్రం మాత్రం గెలిచింది. 1979లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ డిప్లాక్, ఆనాటి మెజారిటీ తప్పు చేసిందని, అప్పటి పరిస్థితుల్లో అది బహుశా క్షమించదగ్గదేనని ఒప్పుకున్నారు.

ఇంగ్లండులో ఆ తీర్పు పరువు పోతున్న కాలంలోనే మన సుప్రీంకోర్టులో దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. ఎమర్జెన్సీలో నిర్బంధితుల హెబియస్ కార్పస్ పిటిషన్లు వినవచ్చా అన్న ఏడీఎం జబల్‌పూర్ కేసులో లివర్సిడ్జ్ ప్రస్తావన వచ్చింది. 1976 ఏప్రిల్ 28న అక్కడా నలుగురు ఒకవైపు, ఒక్కరు మరోవైపు. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మరుసటి జనవరిలో ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ మెజారిటీ తీర్పును సుప్రీంకోర్టు కొట్టివేసింది 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో. అట్కిన్ సరేనని లండన్ ఒప్పుకోవడానికి 38 ఏళ్లు పట్టింది, ఖన్నా సరేనని ఢిల్లీ ఒప్పుకోవడానికి 41 ఏళ్లు.