చిన్న పట్టము, పెద్ద విద్య: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ప్రతి సంవత్సరమును పరీక్షాఫలితములు వెలువడు దినములలో కళింగపట్నము మొదలు ఇచ్ఛాపురము వరకు గల ఊళ్లలో ఒక విధమైన విషాదము కానవచ్చుచుండును. అది పరీక్ష తప్పినవారి దుఃఖము కాదు. తప్పినవాడు మరల చదివి వ్రాయవచ్చును. ఉత్తీర్ణుడయ్యును పట్టముపై మూడవ తరగతి యని వ్రాయించుకొని యింటికి వచ్చినవాని దుఃఖము వేరు. అతడు ముందునకు పోజాలడు, వెనుకకు రాజాలడు. కొబ్బరితోట తాకట్టుపెట్టి చదివించిన తండ్రి సొమ్ము వ్యర్థమైనదని తలపోయును. చుట్టపుచూపుగా వచ్చినవారు క్షేమము విచారించుటకు ముందే తరగతిని విచారింతురు. అట్టి యువకులకొరకును, వారి తల్లిదండ్రులకొరకును ఒక మహనీయుని చరిత్రమును నేడు స్మరింపదలచితిమి. తక్కువ పట్టముతో లోకమున అడుగిడి, ప్రపంచవైద్యమునకే మహోపకారము గావించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారే ఆ మహనీయుడు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. బాల్యమున వీరికి బడిచదువుపై ఆసక్తి తక్కువ. పదుమూడవ యేట ఇల్లు విడిచి, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరగా పెద్దలు పట్టి వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులోని హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. తండ్రి 1913లో గతించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో సన్యసించి రామకృష్ణ మిషనులో చేరవలెనని వీరికి సంకల్పము కలిగెను. తల్లి సమ్మతింపలేదు. మిషనువారును వైద్యము నేర్చి ప్రజలకు సేవచేయుట మేలని హితవు చెప్పిరి. ఆ విధముగా 1915లో మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. చదువునకు మిత్రులును, కాబోవు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. 1919లో ఆయన కుమార్తె శేషగిరిగారితో వివాహమయ్యెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచుండిన దినములు. సుబ్బారావుగారు విదేశవస్త్రములను విడిచి ఖద్దరు ధరింప నారంభించిరి. శస్త్రచికిత్సాగారమున వేసికొను అంగీని సైతము ఖద్దరుతోనే కుట్టించుకొనిరి. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది రుచింపలేదు. లిఖితపరీక్షలలో చక్కగా వ్రాసినను, తుదకు సుబ్బారావుగారికి లభించినది ఎం. బి. బి. యస్. పట్టము కాదు, దానికంటె తక్కువదైన ఎల్. ఎం. ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే. ఆరేండ్ల శ్రమకు ఫలము ఆ మూడక్షరములు!

ఇచ్చట పాఠకులు ఒక్కక్షణము నిలిచి యోచింపవలసియున్నది. ఇరువదియారేండ్ల వయస్సు, అప్పుచేసి సాగించిన చదువు, గృహస్థాశ్రమ భారము, చేతిలో లోకము చిన్నచూపు చూచు పత్రము. వీరు మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకై ప్రయత్నించిరి. అది లభింపలేదు. అప్పుడు పరీక్షాధికారులను నిందించుచు ఇంట కూర్చుండవచ్చును. ఏదేని పల్లెలో మందులపెట్టె తెరచి కాలము గడుపవచ్చును. సుబ్బారావుగారు ఈ రెండును చేయలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్ర బోధకులుగా ప్రవేశించిరి. పాశ్చాత్యవైద్యము చదివినవారు ఆయుర్వేద పాఠశాలలో పనిచేయుట ఆనాడు గౌరవముగా ఎంచబడెడిది కాదు. కాని వీరికి ఆ పని చిన్నదిగా తోచలేదు. తమ సోదరులిరువురు గ్రహణివంటి వ్యాధిచే కొద్దిదినముల యెడములో మరణించుట వీరు కన్నులార చూచియుండిరి. అదే వ్యాధి తమకు సోకినప్పుడు లక్ష్మీపతిగారి చికిత్సవలననే కోలుకొనిరి. కావున ఆయుర్వేదౌషధములలోని గుణమును ఆధునికశాస్త్రరీతిని శోధింపవలెనను తలంపు వీరికి కుదిరినది. తక్కువ పట్టము వీరిని నెట్టివేసిన స్థానమే వీరి పరిశోధనకు బీజము నాటినదని మేము తలంచుచున్నాము.

అటుపిమ్మట అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల విద్య నభ్యసింప నిశ్చయించిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు, మామగారును ద్రవ్యమిచ్చి సాగనంపిరి. 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. ఆ దేశమున వైద్యునిగా పనిచేయుటకు వీరి యోగ్యతాపత్రము చాలలేదు. ఆసుపత్రిలో రాత్రివేళల నౌకరుగా ఊడిగముచేసి, రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచి, పగలు చదువుకొనిరి. ఉష్ణదేశవ్యాధుల డిప్లమా పొందిన పిదప జీవరసాయనశాఖలో ప్రవేశించిరి. వైద్యము చేయు ద్వారము మూసికొనిపోగా, వైద్యమునకు మూలమైన శాస్త్రపు ద్వారమును తట్టిరన్నమాట.

అచ్చట సైరస్ ఫిస్కి అను ఆచార్యునితో కలసి రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు సులభపద్ధతిని కనుగొని 1925లో ప్రకటించిరి. ద్రావకమున పుట్టు నీలవర్ణపు గాఢతనుబట్టి భాస్వరము పాలు తెలిసికొనుటయే దాని కీలకము. ఫిస్కి-సుబ్బారావు పద్ధతి యను పేర అది తరతరముల విద్యార్థులు నేర్చిన పాఠమైనది. ఆ కొలమానమే చేతిదీపముగా 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో జీవకణములకు శక్తినందించు ఏ. టి. పి. అను పదార్థమును వెలికితీసిరి. ఏ. టి. పి.ని అదే సంవత్సరము జర్మనీలో లోమాన్ పండితుడు వేరుగా కనుగొనెను. 1930లో హార్వర్డు వారు సుబ్బారావుగారికి డాక్టరు పట్టమునిచ్చిరి. కాని స్థిరమైన ఆచార్యపదవి మాత్రము లభింపలేదు. గొప్ప పట్టము చేతికివచ్చిన పిదపను ద్వారములు మూసికొనుట కలదని యువకులు గ్రహింతురుగాక.

1940లో వీరు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ గ్రామములోని లెడర్లీ ఔషధశాలలో చేరి, అచిరకాలములోనే పరిశోధనశాఖకు అధిపతియైరి. వీరి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞబృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్నట్టి గ్రహణిరోగమున కలుగు రక్తహీనతకు అది ఔషధమయ్యెను. ఆ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు పదార్థములను కూడ వారే సిద్ధపరచిరి. వానిలో నొకదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుడు రక్తపుకేన్సరు సోకిన శిశువులకిచ్చి, వ్యాధి తాత్కాలికముగా నుపశమించుటను 1948లో ప్రకటించెను. ఆ వర్గమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని కేన్సరుకును, కీళ్లవాతమునకును వాడుకలోనున్నది. టెట్రాసైక్లిన్ వర్గపు ఔషధములలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గరు పండితుడు కనుగొన్నదియు సుబ్బారావుగారి అధిపత్యముననే.

ఇక ఈ తీరవాసులకు వీరియెడ గల ఋణమును చెప్పవలసియున్నది. శ్రీకాకుళము తీరము బోదకాలు వ్యాధికి చిరకాలము నిలయము. మురుగునీట పెరుగు దోమకాటుచే సూక్ష్మక్రిమి శరీరమున ప్రవేశించి, ఏండ్ల తరబడి దాగి, కాలు స్తంభమువలె బలిసినప్పుడు గాని బయటపడదు. కళింగపట్నము వంటి ఊళ్లలో ఈ వ్యాధి ఎట్టిదో చెప్పనక్కరలేదు. దానిని కలిగించు క్రిమిని నశింపజేయు డైయిథైల్ కార్బమజీన్ అను ఔషధము 1947లో హెట్రజాన్ అను పేర లెడర్లీ పరిశోధనశాలనుండియే వెలువడెను. 2004 మొదలు భారత ప్రభుత్వము వ్యాధిగల జిల్లాలలో ఇంటింటికి ఉచితముగా పంచిన మాత్ర అదియే. ఆ మాత్రను మ్రింగినవారెవరును దానిని కనుగొన్నవారి నాయకుని పట్టము ఏ తరగతికి చెందినదని అడుగలేదు.

ఈ కథయందలి చేదును దాచుట ధర్మము కాదు. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. వారు వెడలిన పిదప జన్మించిన కుమారుడు నెలలబిడ్డగానే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. శేషగిరిగారు జీవితమంతయు నిరీక్షించిరి. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయస్సున, నిద్రలోనే వీరు గుండెపోటుచే గతించిరి. తమ పేరు ముందునకు తెచ్చుకొను స్వభావము వీరికి లేకపోవుటచే లోకము వీరిని ఆలస్యముగా గుర్తించినది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము వీరి పేర తపాలాబిళ్ల వెలువరించెను.

తక్కువ తరగతి వచ్చినవారందరు సుబ్బారావులగుదురని మేము చెప్పుటలేదు. తక్కువ తరగతి యెల్లప్పుడు అన్యాయఫలమే యనుటయు లేదు. పెక్కుమారులు అది మన సోమరితనపు ఫలమే. మూసికొనిన ద్వారములు నిజముగనే మూసికొనినవి. ఉపాధ్యాయశిక్షణకు సామాన్యముగా పట్టమున నూటికి ఏబది పాళ్లు కావలెను. కళాశాలలలో బోధకపదవికి పై పట్టమున ఏబదియైదు పాళ్లు కావలెను. రిజర్వేషను గలవారికి కొంత సడలింపు కలదు. కాని దేశములోనెల్ల పెద్దదైన సివిల్ సర్వీసు పరీక్షకు పట్టమున్న చాలును, తరగతిని అడుగరు. చేతిపనితో కూడిన విద్యలకు, ప్రయోగశాల నైపుణ్యములకు, వర్తకమునకు తరగతితో పనియే లేదు. ఏ ద్వారము మూసియున్నదో, ఏది తెరచియున్నదో మొదట లెక్కవేసికొనుట వివేకము. చేతికందిన చిన్నపనిని స్వీకరించి, అందులో ఇతరులకు రాని యొక విద్యను సంపూర్ణముగా నేర్చుకొనుట రెండవ మెట్టు. సుబ్బారావుగారికి భాస్వరమును కొలుచుట అట్టి విద్యయైనది.

తల్లిదండ్రులకు మా విన్నపము వేరొకటి కలదు. ఎల్. ఎం. ఎస్. పత్రముతో వచ్చిన అల్లునిపై సూర్యనారాయణమూర్తిగారు నమ్మకము విడువలేదు, మరల ధనమిచ్చిరి. సముద్రముదాటి పంపుడని మేము కోరుట లేదు. మూడవ తరగతితో ఇంటికి వచ్చిన బిడ్డకు రెండు సంవత్సరముల కాలమును, నిందలేని అన్నమును పెట్టుడు. ఆ గడువులో అతడు ఏమి నేర్చుకొనెనో అడుగుడు. తరగతిని మాత్రము మరల నడుగకుడు.