నోరులేని జీవాల తరఫున

దూడ కనిపించక అరిచే ఆవుకి మనసుందా లేదా అని మన ఇళ్ళల్లో ఎవరూ వాదించుకోరు. కానీ 17వ శతాబ్దంలో యూరప్ పండితులు దీనిమీద పుస్తకాలే రాశారు. వాళ్ళకి ఎదురు చెప్పిన ఓ ఇల్లాలి గురించి చదివినప్పట్నించీ నాకు ఆవిడంటే ఎంతో ఇష్టం. ఆవిడ మార్గరెట్ కావెండిష్.

1623లో ఇంగ్లాండులో పుట్టింది. ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరిది. పసితనంలోనే తండ్రి పోయాడు. బడి చదువు లేదు, లాటిన్ రాదు, నలుగురిలో మాట్లాడాలంటే బిడియం. అంతర్యుద్ధం రోజుల్లో రాణిగారి వెంట ఫ్రాన్స్ చేరింది. 1645లో తనకన్నా ముప్ఫయ్యేళ్ళు పెద్దవాడైన విలియమ్‌ని పెళ్ళాడింది.

ఆయనకి పరిచయమున్న పండితుల్లో డెకార్ట్ ఒకరు. జంతువులు గడియారాల్లాంటివనీ, మాట్లాడలేవు కనుక వాటికి ఆలోచన లేదనీ ఆయన వాదం. మనిషిలా మాటకి మాట జవాబు చెప్పడం ఏ యంత్రానికీ సాధ్యం కాదనీ 1637లో రాశారు.

మార్గరెట్ ఒప్పుకోలేదు. 1653లో అచ్చయిన కవితల్లో, వేటకుక్కలు తరుముతున్న కుందేలు పక్షాన నిలబడింది. 1664లో ఇంకా సూటిగా అడిగింది. మన భాష రానంత మాత్రాన తెలివి లేదంటే ఎలా? నీళ్ళ సంగతి చేపకీ, గాలి సంగతి పక్షికీ మనకన్నా బాగా తెలుసేమో కదా అని!

ఆవిడకే ఎందుకు తోచిందంటారా? ఆడవాళ్ళకీ తెలివి తక్కువేనని తేల్చేసిన కాలమది. పంజరంలో పక్షుల్లా ఇళ్ళల్లో పడి ఉన్నామని 1655లోనే విశ్వవిద్యాలయాలకి మొర పెట్టుకుంది. సొంత పేరుతో పుస్తకాలు వేస్తే పిచ్చిదన్నారు. 1667లో లండన్ రాయల్ సొసైటీ సమావేశానికి వెళ్ళిన మొదటి మహిళ ఆవిడే. ప్రయోగాలు చూపించి సాగనంపారు. ఆవిడ కట్టూబొట్టూ వింతగా ఉన్నాయని శామ్యూల్ పీప్స్ డైరీలో రాసుకున్నాడు. 1673లో ఆవిడ కన్నుమూసింది. ఆ సొసైటీలో ఆడవాళ్ళకి ఫెలోషిప్ దక్కింది 1945లో!

ఇప్పుడు ఫోనులోని యంత్రం అడిగినదానికల్లా జవాబు చెబుతోంది. మాటే మనసుకి కొలబద్ద అయితే, ఫోనుని మనిషి పక్కన కూర్చోబెట్టి, ఆవుని గడప బయట నిలబెట్టాలి. నాకైతే ఆ కొలబద్ద మీదే అనుమానం.

నోట్లో నాలుక లేని పిల్ల అని కోడల్ని మెచ్చుకుంటాం. నోరులేని జీవం, దానికేం తెలుసని పశువుని అదిలిస్తాం. ఆ రెండు మాటలూ ఒక్క చోటినుంచే వచ్చాయేమోనని, మార్గరెట్ కథ చదివాకే నాకు తట్టింది.