నిశ్శబ్దమునకై పాటుపడిన జూలియా రైస్

అమెరికాలోని న్యూయార్కు మహానగరము హడ్సన్ నదీముఖమున వెలసియున్నది. 1900వ సంవత్సరమున అచటి జనసంఖ్య 34 లక్షలు. రాతిబాటలపై బండిచక్రముల రొద, వీథులమీదుగా ఎత్తున పరుగిడు రైళ్ల ఘోష, చిల్లర వర్తకుల కేకలు, ఇవి యన్నియు పట్టణాభివృద్ధికి చిహ్నములని పెక్కురు మురియుచుండిన కాలమది. ఆ రొద వలన ఆరోగ్యమునకు చెఱుపు కలుగునని లోకమునకు తెలియజెప్పిన వారిలో అగ్రగణ్యురాలు జూలియా బార్నెట్ రైస్.

ఆమె 1860లో న్యూ ఆర్లియన్సు నగరమున జన్మించెను. స్త్రీలు వైద్యము నభ్యసించుట అరుదైన ఆ దినములలో న్యూయార్కునందలి స్త్రీల వైద్యకళాశాలలో చదివి 1885లో పట్టము పొందెను. న్యాయవాదియు, వర్తకుడును, చదరంగప్రియుడును అగు ఐజాక్ రైసును వివాహమాడి ఆరుగురు బిడ్డలకు తల్లియయ్యెను. ఆమె వైద్యవృత్తిని సాగింపలేదు. కాని ఆ చదువు వృథాపోలేదు.

ఐజాక్ తన భార్య పేరిట నది కెదురుగా 'విల్లా జూలియా' యను భవనమును కట్టించెను. చూచుటకు రమ్యమైన తావే. కాని రాత్రియైనచో నదిపై తిరుగు ఆవిరి పడవల కూతలు చెవులు చిల్లులు పొడిచెడివి. ప్రమాదసూచనకే కూత వేసినచో ఎవరును తప్పు పట్టరు. ఆ పడవవారు ఒకరినొకరు పలుకరించుటకును, ఒడ్డున నున్న తోడివారిని పిలుచుటకును గూడ కూతలు వేయుచుండిరి.

1905లో జూలియా ఒక యుక్తి పన్నెను. ఉత్త ఫిర్యాదు నెవరును లెక్కచేయరు. లెక్కలు చూపినచో త్రోసివేయజాలరు. ఆమె కొలంబియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర విద్యార్థులను నియమించి, రాత్రులందు మేల్కొని ప్రతి కూతను వ్రాసికొనుడని కోరెను. ఒక్క రాత్రిలోనే దాదాపు 3000 కూతలు లెక్కకు వచ్చినవి! ధనికురాలి సుకుమారమని కొందరు పరిహసించిరి. అందులకామె నదీతీరమునందలి ఆసుపత్రుల రోగుల కష్టమును ముందుంచెను. నిద్ర లేని రోగికి మందు పనిచేయదని ఎరిగిన చదువు గదా ఆమెది!

నగరాధికారులు నది తమ యేలుబడిలోనిది కాదనిరి. ఆమె వెనుదీయక వాషింగ్టను వరకు పోయి పోరాడెను. తుదకు 1907లో అనవసరపు పడవకూతలను అరికట్టు చట్టము వెలువడెను.

అంతకు కొలది మాసములకు పూర్వమే ఆమె అనవసర శబ్ద నిర్మూలన సంఘమును స్థాపించియుండెను. 'అనవసర' మను ఆ పదము ఆమె వివేకమునకు సాక్షి. కర్మాగారములు మూయుడని గాని, బండ్లు నిలుపుడని గాని ఆమె కోరలేదు. ఆసుపత్రుల చుట్టునున్న వీథులలో మాత్రము సద్దుమణగవలెనని కోరెను. మన దేశమున 2000వ సంవత్సరపు నిబంధనల ప్రకారము ఆసుపత్రుల చుట్టు కనీసము 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చుననుట ఈ కోవకు చెందినదే.

పిల్లలను గూడ ఆమె తన పనిలో చేర్చుకొనెను. ఆసుపత్రుల దగ్గర అల్లరి చేయమని వ్రాలు చేసిన బాలబాలికలకు బిళ్లలు పంచిరి. వేలకొలది పిల్లలు చేరిరి. సుప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ ఆ బాలసంఘమునకు గౌరవాధ్యక్షుడయ్యెను. ఇరుకు ఇండ్లలోని బీదపిల్లలకు వీథియే ఆటస్థలము. వారు చేసిన త్యాగము చిన్నది కాదు. జూలై 4వ తేదీ స్వాతంత్ర్యోత్సవమున బాణసంచా వలన గాయపడి, ధనుర్వాతము సోకి పిల్లలు మరణించుచుండిరి. ఆ పండుగను అపాయము లేకుండ జరుపవలెననియు ఆమె ప్రచారము చేసెను.

చిత్రమేమనగా, రైసు కుటుంబము 1907లోనే ఆ భవనమును విక్రయించి వేరొకచోటికి తరలిపోయెను. మోటారు కారుల సంఖ్య పెరిగిన కొలది నగరమున రొదయు పెరుగుచునే యుండెను. జూలియా 1929లో మరణించెను. ఆ యేడే న్యూయార్కు నగరము శబ్దనివారణ సంఘమును నియమించెను. ఆ సంఘమువారు యంత్రములమర్చిన బండితో వీథివీథి తిరిగి రొదను డెసిబెల్లులలో కొలిచిరి. విల్లా జూలియా నేటికిని రివర్‌సైడ్ వీథిలో నిలిచియున్నది.