కాగితం బొమ్మతో మొదలైన ప్రయాణం: ఆర్విల్ రైట్



మీ పిల్లల నోట్‌బుక్‌లో మధ్య పేజీలు మాయమవుతున్నాయా? సంక్రాంతికి మన ఉప్పుగూడ డాబాల మీద పతంగులు ఎగురుతాయి. మిగతా నెలల్లో ఎగిరేవి ఆ పేజీలే. ఈసారి కాగితం విమానాన్ని లాక్కుని చదువుకోమని కసిరే ముందు ఆర్విల్ రైట్ జీవితం ఒక్కసారి చదవండి.

ఆర్విల్ 1871 ఆగస్టు 19న అమెరికాలోని డేటన్ పట్టణంలో పుట్టారు. తండ్రి మిల్టన్ చర్చిలో బిషప్. పని మీద తరచూ ఊళ్లు తిరిగేవారు. తల్లి సుసాన్‌కు పనిముట్లు బాగా అలవాటు. పిల్లలకు బొమ్మలు తనే చేసి ఇచ్చేవారు. 1878లో తండ్రి ఊరి నుంచి వస్తూ ఒక చిన్న బొమ్మ తెచ్చారు. వెదురు, బెండు, కాగితం, ఒక రబ్బరు బ్యాండు, అంతే. రబ్బరును మెలిపెట్టి వదిలితే గాల్లోకి లేచేది. ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫోన్స్ పెనో తయారుచేసిన నమూనా అది. అప్పటికి ఆర్విల్‌కు 7 ఏళ్లు, అన్న విల్బర్‌కు 11.

ఆడీ ఆడీ బొమ్మ విరిగిపోయింది. అన్నదమ్ములు అలాంటివే సొంతంగా చేసుకున్నారు. తర్వాత ఇంకా పెద్దవి చేశారు. విచిత్రంగా, పెద్దవి చేసేకొద్దీ అవి సరిగా ఎగరలేదు. కొలతలు రెట్టింపు చేస్తే లేపడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలన్న సంగతి ఆ వయసులో వాళ్లకు తెలియదు.

ఒకరోజు క్లాసులో ఆర్విల్ పుల్లలతో ఏదో చేస్తుంటే టీచర్ చూశారు. ఎగిరే యంత్రం చేస్తున్నానని, పెద్దది చేసి అన్నతో కలిసి ఎగురుతానని చెప్పాడు. కాస్త పెద్దయ్యాక పతంగులు కట్టి తోటి పిల్లలకు అమ్మాడు.

ఒక విషయం దాచకూడదు. ఆర్విల్ హైస్కూల్ చదువు పూర్తి చేయలేదు. ముందు ప్రింటింగ్ ప్రెస్, తర్వాత అన్నతో కలిసి సైకిల్ షాపు పెట్టారు. అయితే ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు, చదవడం ఎప్పుడూ ఆగలేదు. 1899లో స్మిత్సోనియన్ సంస్థకు విల్బర్ ఉత్తరం రాసి, ఎగరడం గురించి అచ్చయిన రచనలు తెప్పించుకున్నారు. అదే ఏడాది సైకిల్ ట్యూబు వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చేతుల్లో మెలితిప్పుతుంటే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రెక్కల్ని కూడా ఇలాగే మెలితిప్పితే, విమానం పక్కకు ఒరిగినప్పుడు సరిచేసుకోవచ్చు.

1901లో వాళ్ల గ్లైడర్‌కు లెక్క ప్రకారం రావలసిన లిఫ్ట్‌లో సుమారు మూడో వంతే వచ్చింది. ఇద్దరూ డీలాపడ్డారు. అయినా ఇంటికి వచ్చి, ఫ్యాన్ బిగించిన చెక్కపెట్టెలో దాదాపు 200 రకాల చిన్న రెక్కల నమూనాలను పరీక్షించి, లెక్కలు మళ్లీ తామే కట్టుకున్నారు.

1903 డిసెంబర్ 17న కిట్టీ హాక్ దగ్గర ఆర్విల్ 12 సెకన్లు ఎగిరి 120 అడుగులు వెళ్లారు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లారు.

ప్రమాదం జరిగితే ఇద్దరినీ పోగొట్టుకోవాల్సి వస్తుందని, అన్నదమ్ములు కలిసి ఎగరకూడదని తండ్రి షరతు పెట్టారు. 1910 మే 25న ఒక్కసారికి ఒప్పుకున్నారు. అదే రోజు 81 ఏళ్ల తండ్రిని ఆర్విల్ విమానం ఎక్కించారు. భయపడతారనుకుంటే, ఆ పెద్దాయన ఇంకా పైకి తీసుకెళ్లమన్నారు. బొమ్మ తెచ్చిన నాటికీ ఆ రోజుకూ మధ్య 32 ఏళ్లు. 1912లో విల్బర్ టైఫాయిడ్‌తో పోయారు. ఆర్విల్ 1948 జనవరి 30న కన్నుమూశారు.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

పాత నోట్‌బుక్ కాగితంతో మీ పిల్లలతో కలిసి ఒక విమానం మడవండి. మడతలు గోటితో గట్టిగా నొక్కాలి, రెండు రెక్కలూ సమానంగా ఉండాలి. విసిరి, ఎన్ని అడుగులు వెళ్లిందో కొలిచి రాయండి. ముక్కు నేలకు దిగితే రెక్కల వెనక అంచును కొద్దిగా పైకి వంచండి. పైకి లేచి వెంటనే పడిపోతే ముక్కుకు ఒక పేపర్ క్లిప్ పెట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

పిట్టగోడ ఉన్న డాబా మీదో, వరండాలోనో ఆడించండి. విమానం ఎటు పోయినా రైలు పట్టాల వైపు, రోడ్డు మీదికి పరుగెత్తనివ్వకండి.

ఎందుకు పడిపోయిందో వెంటనే చెప్పేయకండి. ముందు పిల్లల్ని చెప్పనివ్వండి. వాళ్లు రాసుకున్న కొలతల కాగితాన్ని సోమవారం సైన్స్ టీచర్‌కు పంపండి.