ఆఫ్రికా నక్షత్రం

రెండవ ప్రపంచ యుద్ధం గురించి చదివేవాళ్ళకు హాన్స్ యోఆఖిమ్ మార్సెయ్ పేరు కొత్త కాదు. ఉత్తర ఆఫ్రికా ఎడారి మీద పోరాడిన ఈ జర్మన్ ఫైటర్ పైలట్‌కి ఆఫ్రికా నక్షత్రమని పేరు. 158 విమానాలు కూల్చినట్టు లెక్క. చనిపోయేనాటికి వయసు 22. మనలో ఎం.ఎస్సీ. చదివేవాడి ఈడు. అందుకే అతని గురించి రాయాలనిపించింది.

1919 డిసెంబర్ 13న బెర్లిన్‌లో పుట్టాడు. 1938లో వైమానిక దళంలో చేరాడు. 1940లో ఇంగ్లీషు ఛానెల్ మీద ఏడు విమానాలు కూల్చాడు గానీ, తనవీ కొన్ని పోగొట్టుకున్నాడు. క్రమశిక్షణ అంటే గిట్టదు. జాజ్ సంగీతం, షికార్లు కావాలి. పై అధికారి స్టైన్‌హోఫ్ విసిగిపోయి వేరే దళానికి పంపించేశాడు.

1941 ఏప్రిల్‌లో లిబియా చేరాడు. అక్కడి కమాండర్ నోయ్‌మన్ ఈ కుర్రాడిలో అల్లరితో పాటు నేర్పునీ గుర్తించాడు. ఎగిరే విమానాన్ని కొట్టాలంటే అది ఉన్నచోటికి కాదు, గుళ్ళు చేరేసరికి ఉండబోయే చోటికి కాల్చాలి. ఈ గురి కోసం తోటివాళ్ళ విమానాలనే లక్ష్యంగా ఊహించుకొని పట్టుదలగా సాధన చేశాడు. 1942 సెప్టెంబర్ 1న ఒక్కరోజే 17 విమానాలు అతని ఖాతాలో పడ్డాయి. వాటిలో కొన్నిటి విషయంలో చరిత్రకారులకు భేదాభిప్రాయాలున్నాయి.

నన్ను ఆకట్టుకున్నది ఈ లెక్క కాదు. తాను కూల్చిన పైలట్ క్షేమసమాచారం చెప్పడానికి శత్రువుల స్థావరం మీదికి ఎగిరి చీటీ జారవిడిచిన మనిషి ఇతను. యుద్ధఖైదీగా చిక్కిన దక్షిణాఫ్రికా నల్లజాతీయుడు మాథ్యూ లెటులు ఇతని దగ్గర పనికి కుదిరి, చివరికి స్నేహితుడయ్యాడు. జాతి గర్వమే మతమైన నాజీల సైన్యంలో ఇది చిన్న సంగతి కాదు.

అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. ఆ నేర్పంతా ఎవరికి ఉపయోగపడింది? 1942 జూన్‌లో హిట్లర్ చేతిమీదుగానే పతకాలు అందుకున్నాడు. అతని దళం ఎదుర్కొన్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యంలో మన భారతీయ సిపాయిలూ ఉన్నారు. మనిషి మంచివాడైనంత మాత్రాన అతను మోసిన జెండా మంచిదైపోదు.

1942 సెప్టెంబర్ 30న ఈజిప్టు మీద తిరిగి వస్తుండగా కొత్త విమానం ఇంజన్‌కి నిప్పంటుకుంది. పొగలో దారి కానరాక బయటికి దూకాడు. విమానం తోక తగిలింది, పారాచూట్ విచ్చుకోలేదు. శత్రువు గుండు ఒక్కటీ తగలకుండానే అంతా ముగిసింది. నవంబర్ మొదటి వారానికల్లా ఎల్ అలమీన్‌లో ఓడిన జర్మన్ సైన్యం పడమటికి పరుగు తీసింది. 158 విజయాలూ దాన్ని ఆపలేకపోయాయి.

రేపు మన చదువునీ, తెలివినీ అడిగేవాళ్ళు చాలామందే వస్తారు. ఎంతిస్తారని అడిగేముందు, దేనికని కూడా అడుగుదాం.