ఫ్రాయిడ్ నోటిలో తెల్లమచ్చ

మనసు లోతులు వెతికిన డాక్టర్‌గా సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన చివరి పదహారేళ్లూ నోటి క్యాన్సర్‌తోనే గడిచాయని చాలామందికి తెలియదు. ఆ కథలో మన ఇళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

1856లో ఇప్పటి చెక్ దేశంలోని ఓ చిన్న ఊళ్లో పుట్టిన ఫ్రాయిడ్ వియన్నాలో పెరిగారు, అక్కడే వైద్యం చదివారు. 24 ఏళ్లకు పొగ అలవాటైంది. మొదట సిగరెట్లు, తర్వాత సిగార్లు, అంటే మన చుట్టల్లాంటివే. రోజుకు ఇరవై దాకా కాల్చేవారు. నలభై ఏళ్లు రాకముందే గుండె ఇబ్బంది పెడితే డాక్టర్ మిత్రుడి మాట విని మానేశారు. కానీ మళ్లీ మొదలుపెట్టారు.

1923 ఫిబ్రవరిలో అంగిలి మీద, పైదవడ కుడివైపు తెల్లటి మచ్చ లేచింది. తానే డాక్టరై ఉండీ రెండు నెలలు బయటపెట్టలేదు. ఏప్రిల్‌లో చూసిన డాక్టర్ డ్యూచ్‌కు అది క్యాన్సరని అర్థమైంది. అయినా పొగ వల్ల వచ్చిన మచ్చేనని చెప్పి అసలు సంగతి దాచారు. నిజం చెప్పేసరికి సెప్టెంబరు వచ్చింది. అక్టోబరులో సర్జన్ పిచ్లర్ అంగిలిలో, పైదవడలో పెద్ద భాగం తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య అడ్డు పోవడంతో అక్కడ కృత్రిమ పలక అమర్చారు. మాట ముద్దయింది, తినడం కష్టమైంది, కుడిచెవి వినికిడి పోయింది. అయినా రోగులను చూడటం, పుస్తకాలు రాయడం ఆపలేదు. పొగ కూడా ఆపలేదు.

కొత్త మచ్చలు వస్తూనే ఉన్నాయి, కోతలు సాగుతూనే ఉన్నాయి. మొత్తం ముప్పైకి పైనే ఆపరేషన్లు! అలా తీసిన ఓ ముక్కను వియన్నా పెథాలజిస్టు ఎర్డ్‌హైమ్ పరీక్షించి కీలకమైన మాట రాశారు. నోటి పొరంతా వాచి ఉందనీ, దానికి కారణం పొగేననీ, ముందు వాపు వచ్చి ఆ తర్వాతే తెల్లమచ్చ ఏర్పడుతోందనీ ఆ రిపోర్టు సారాంశం.

ఆ వరుస ఎందుకో ఇప్పుడు మనకు ఇంకా బాగా తెలుసు. పొగ నోటి పొరను రోజూ గాయపరుస్తుంది. మరమ్మతుకు తెల్లరక్తకణాలు చేరతాయి. అవి వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు కణాలను పెరగమని పురికొల్పుతాయి. గాయం మానితే ఈ హడావుడి ఆగాలి. రోజుకు ఇరవైసార్లు గాయమైతే ఎలా ఆగుతుంది? కణం విభజన చెందిన ప్రతిసారీ జన్యువుల్లో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది.

ఈ వేగాన్ని చూపే గుర్తు కీ-67 అనే ప్రొటీన్. 1983లో జర్మనీలోని కీల్ నగరంలో దీన్ని కనుగొన్నారు. విభజన దారిలో ఉన్న కణాల్లోనే ఇది కనబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న నోటి పొరలో అడుగు వరుసలకే పరిమితం. మచ్చ ముదిరేకొద్దీ పై వరుసల్లోనూ కనిపిస్తుంది. అయితే దీన్ని చూడాలంటే మచ్చ నుంచి ముక్క తీయాల్సిందే. రక్తపరీక్ష బాగుందని ధైర్యపడటానికి లేదు.

ఫ్రాయిడ్‌కు వచ్చినచోటే, అంటే అంగిలిలోనే, మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే పెద్దమ్మలకూ క్యాన్సర్ వస్తుంది. చుట్ట నిప్పు నోట్లోనే ఉంటుంది కదా! గుట్కా, ఖైనీ పెట్టుకునేవారికి ఎక్కువగా బుగ్గ లోపల మొదలవుతుంది.

గీకినా పోని తెల్ల లేదా ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు తెరవడం తగ్గడం... ఇందులో ఏది కనిపించినా డెంటల్ లేదా చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించండి. మచ్చ దశలోనే అలవాటు మానితే కొన్ని మచ్చలు తగ్గిపోతాయి కూడా. మిగతావాటికి చిన్న కోత సరిపోవచ్చు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయండి.

నాజీల ధాటికి 1938లో లండన్ చేరిన ఫ్రాయిడ్, 1939 సెప్టెంబరు 23న 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి కోయడానికి వీల్లేనంతగా క్యాన్సర్ ముదిరిపోయింది. ఈ ఆదివారం మీ ఇంట్లో పొగాకు అలవాటున్న పెద్దవారిని వెలుతురులో నోరు తెరవమనండి. పలక ఉంటే తీయించి, అంగిలి కూడా చూడండి.